గవాక్షం రేకుకు పడిన చిల్లు

కర్నూలులో మా వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. వంటింటి అరలకు కడప బండలు కోయిస్తున్నారు, పొద్దున తొమ్మిది కొట్టేసరికి కట్టరు మొదలవుతుంది. ఆ చప్పుడుకు మా ఇంట్లో వాళ్ళు తిట్టుకుంటూ కిటికీలు మూస్తారు. నేను మాత్రం కూరగాయల సంచి పట్టుకుని పనిగట్టుకుని ఆ పక్కగానే పోతాను. కోసేటప్పుడు బ్లేడు వేడెక్కకుండా నీళ్ళు వదులుతారు కదా, ఆ నీళ్ళూ రాతిపిండీ కలిసి ఒక వాసన వస్తుంది. తొలకరి వాసన అనుకునేరు, అది కాదు. ఇది ఇంకా చల్లగా, కాస్త సున్నం ఘాటుతో ఉంటుంది. బేతంచెర్లలో పుట్టినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది.

నాయన నాపరాతి గనిలో పనిచేసేవాడు. అప్పట్లో మిషన్లు తక్కువ, గడ్డపార, సమ్మెట, ఉలి, అంతే. పొర ఎక్కడుందో చూసుకుని, వరసగా ఉలి దింపి, సన్నగా తట్టుకుంటూ పోయి, చివర గడ్డపార వేసి ఒక్క పట్టు పడితే నిలువెత్తు బండ చాప లేచినట్టు లేచి వచ్చేది. లేచిన బండను వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టేవాడు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. మా ఊళ్ళో నేల బండలే, అరుగులు బండలే, కంచెలు కూడా నిలబెట్టిన బండలే. ఎండాకాలం మధ్యాహ్నం బనీను విప్పి ఆ నేల మీద పడుకుంటే వచ్చే సుఖం ఏసీలో రాదు, ఎవరేమన్నా సరే.

ఒక బండ మాత్రం నాయన ఇంటికి తెచ్చాడు. దాని మీద నల్లగా, సన్నటి కొమ్మలూ రెమ్మలతో ఒక చిన్న చెట్టు. "దేవుడు గీసినాడు" అని మా జేజి, అంటే నాయనమ్మ, దాన్ని తులసికోటకు ఆనించి పసుపు పెట్టింది. నేను హైస్కూలుకు వచ్చాక మా సైన్సు సారు ఇంటికొచ్చినప్పుడు చూసి, అది చెట్టూ కాదు ఆకూ కాదు, పొరల మధ్యకు దిగిన నీళ్ళతో మాంగనీసు అట్లా పాకింది అని చెప్పాడు. జేజి విన్నది. పసుపు పెట్టడం మాత్రం మానలేదు.

సారు ఆ రోజే ఇంకో సంగతి చెప్పాడు, అది నాయనకు పట్టుకుంది. ఈ బండలన్నీ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదేనని, డైనోసార్లు పుట్టడానికి ఎంతో ముందే గట్టిపడ్డాయని, తక్కువలో తక్కువ యాభై కోట్ల ఏళ్ళ పైమాటేనని. నాయన చదివింది ఐదో తరగతి. ఆ రాత్రి సంగటి ముద్ద చేతిలో పట్టుకుని అట్లే ఆగిపోయి, "అయితే నేను దినామూ సముద్రంలోకి దిగి వస్తాండానన్నమాట" అన్నాడు. మరుసటి రోజు గనిలో చెప్తే తోటివాళ్ళు పడీపడీ నవ్వారట. "తాగేకే నీళ్ళు లేవు, సముద్రమంట సముద్రం!"

భూమి వయసు లెక్కకట్టడం కొత్తేం కాదు. 17వ శతాబ్దంలో ఐర్లండులోని ఆర్మా ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ బైబిలు వంశావళులు లెక్కవేసి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని తేల్చాడు. 1788లో అచ్చయిన వ్యాసంలో భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హటన్ దీనికి మొదలూ తుదీ కనబడటం లేదన్నాడు, అదే ఏడాది స్కాట్లండు తీరంలో సిక్కర్ పాయింట్ దగ్గర ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్న రాతి పొరలు చూశాడు. 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసం కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని ఖాయం చేశాడు. మా పురోహితుడు సంకల్పంలో చదివే కల్పం 432 కోట్ల ఏళ్ళు కాబట్టి మనవాళ్ళకు ముందే తెలుసని సంబరపడేవాళ్ళు ఉన్నారు. నాకా సంబరం లేదు. అంకె ఎంత అన్నదానికన్నా ఆ అంకె ఎట్లా వచ్చింది అన్నదే నాకు ముఖ్యం, ఆ పిచ్చి అంటించింది కూడా సారే.

* * *

సారు కంటే ముందు సైన్సు మా ఊరికి భయంగా వచ్చింది. 1979లో స్కైలాబ్ పడుతుందన్నారు. అమెరికా వాళ్ళు ఆకాశంలో పెట్టిన ఇల్లు కూలి మన నెత్తిన పడుతుందట, ఎక్కడ పడేదీ వాళ్ళకే తెలియదట. ఊరంతా ఒకటే టెన్షన్. రేపు పోయేవాళ్ళకు కోళ్ళెందుకని మా వీధిలో ఇంటింటా కోసుకు తిన్నారు. అప్పు చేసి పొట్టేలు కోసినవాళ్ళూ ఉన్నారు. జూలైలో అది హిందూ మహాసముద్రంలో కొంత, ఆస్ట్రేలియాలో కొంత పడిపోయింది. మా ఊళ్ళో మిగిలింది పొట్టేలు అప్పు.

ఆ భయం పూర్తిగా తగ్గకముందే గ్రహణం వచ్చింది. 1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ గ్రహణం దారి కర్ణాటకలో రాయచూరు మీదుగా, హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగా ఒరిస్సాలో పూరీ వైపు పోయింది. దేశదేశాల నుంచి శాస్త్రజ్ఞులు వచ్చి దుర్భిణీలు పెట్టుకుని కూర్చుంటే, మేము తలుపులు వేసుకుని కూర్చున్నాం. మా ఊరు ఆ దారికి కాస్త పక్కన పడింది, అయినా సూర్యుడు గోరంత తప్ప మొత్తం మూతపడ్డాడు.

జేజి పొద్దున్నుంచే పనిలో ఉంది. నీళ్ళ బానలో, ఊరగాయ జాడీలో, పెరుగు కుండలో దర్భ వేసింది. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం పట్టినంతసేపు రోకలి నిలబడే ఉంటుందని నమ్మకం. మా పిన్నమ్మ కడుపుతో ఉంది, ఆమెను లోపలి గదిలో కదలకుండా పడుకోబెట్టారు. కిటికీలకు గోనెసంచులు కట్టారు. చివరికి మట్టిమిద్దెకు వెలుతురు కోసం పెట్టిన గవాక్షం గుర్తొచ్చి, నాయనను పైకెక్కించి పాత డబ్బా రేకు ఒకటి కప్పించింది.

ఆ రేకుకు మేకు కొట్టిన చిల్లు ఒకటి ఉంది. అది ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక గది చీకటిగా ఉంది. నేను రోకలి వైపు చూస్తూ కూర్చున్నాను, ఎప్పుడు పడుతుందా అని. గోడ మొదట్లో, బండ మీద, నా అరచేతిలో పట్టేంత వెలుతురు పడి ఉంది. మామూలుగా అయితే గుండ్రంగా ఉండాలి. ఒక పక్క కొరికినట్టుంది. చూస్తుండగానే సగమైంది, ఇంకాసేపటికి కొడవలి అయింది. "జేజీ, చంద్రుడు ఇంట్లోకొచ్చినాడు" అన్నాను. జేజి వచ్చి చూసింది. గ్రహణాన్ని రానీయకూడదని ఇల్లంతా బిగించిన మనిషి, అది తన నేల మీదే పడి ఉండటం చూసి ఒక్క క్షణం నోట మాట లేకుండా నిలబడింది. తర్వాత గబగబా చాట తెచ్చి దాని మీద బోర్లించింది. కొడవలి చాట మీదికి ఎక్కింది. చాట తీసి చెంగు కప్పింది, చెంగు మీదికి వచ్చింది. మా అమ్మకు నవ్వు ఆగలేదు, గ్రహణం పూట నవ్వకూడదని జేజి కసిరింది గానీ ఆమెకూ నవ్వు వచ్చేసింది.

సోమవారం బడిలో సారు దగ్గరికి పోయి చెప్పాను. అప్పటికి నేను ఆయన క్లాసు కాదు, అయినా ఆపి మొత్తం విన్నాడు. "గవాక్షం మూయకుంటే నీకేమీ కనబడేది కాదురా, పెద్ద కంతలోంచి బొమ్మ పడదు. మూసింది కాబట్టే కనబడింది. మీ జేజి కెమెరా కట్టింది" అన్నాడు.

* * *

సారు డోన్ నుంచి మీటర్ గేజి ప్యాసింజర్‌లో వచ్చేవాడు. బండి లేటయితే మొదటి పీరియడ్ లేనట్టే. చేతిలో గుడ్డసంచి, అందులో టిఫిను డబ్బా, టార్చిలైటు, ఎప్పుడూ ఏదో ఒక గాజు సీసా. ఆయన పాఠం చెప్తే పుస్తకం తెరిచేవాడు కాదు. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పిన కోపర్నికస్ పుస్తకం 1543లో అచ్చయిందని, అదే ఏడాది ఆయన కన్నుమూశాడని, అందువల్ల తిట్లు తినే బాధ ఆయనకు తప్పిందని, ఆ బాధంతా తర్వాత గెలీలియోకు పడిందని కథలా చెప్పేవాడు. 1610 జనవరిలో గెలీలియో తన దుర్భిణిలో గురుగ్రహం పక్కన చుక్కలు చూశాడు. రాత్రికొకచోట ఉన్నాయి అవి. భూమి చుట్టూ తిరగనివి కూడా ఆకాశంలో ఉన్నాయన్నమాట. 1633లో చర్చి వాళ్ళు ఆయన మీద విచారణ జరిపి, తప్పైందని మోకాళ్ళ మీద చెప్పించి, చచ్చేదాకా ఇంట్లో కట్టడి చేశారు.

ఆర్యభటుడు 499లోనే, ఇరవై మూడేళ్ళ వయసులో, భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని రాశాడని కూడా చెప్పాడు. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున ఉన్నవి వెనక్కి పోతున్నట్టు ఎట్లా కనబడతాయో నక్షత్రాలూ అట్లే పడమటికి పోతున్నట్టు కనబడతాయని ఆయన శ్లోకం. మనవాళ్ళు ఎంత గొప్పవాళ్ళో అని మేము పొంగిపోతుంటే సారు వెంటనే, "పొంగిపోవద్దు. ఆయన తర్వాత వచ్చిన బ్రహ్మగుప్తుడు కాదన్నాడు, మనోళ్ళు కూడా చాలామంది ఒప్పుకోలేదు" అని తుస్సుమనిపించేవాడు.

ఇంటికొచ్చి భూమి తిరుగుతుందని చెప్తే జేజి ఒకే ప్రశ్న వేసింది. "తిరిగితే బానలో నీళ్ళు తొణకవా?" మరుసటి రోజు సారును అడిగాను. ఆయన మహా సంతోషపడిపోయాడు. గెలీలియోను కూడా జనం ఇదే అడిగారట, సాఫీగా పోయే ఓడ లోపల కూర్చున్నవాడికి ఓడ కదులుతున్నట్టే తెలియదని ఆయన జవాబట. "మనం గంటకు 1600 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాండాం, కుదుపు లేదు కాబట్టి తెలీదు. రైల్లో చెంబు పెట్టుకుంటే నీళ్ళు తొణుకుతాయా చెప్పు." వెనక బెంచీ నుంచి ఎవడో, "డోన్ బండిలో అయితే చెంబే ఎగిరిపడుతుంది సార్" అన్నాడు. క్లాసంతా గోల. సారు కూడా ఆపుకోలేక నవ్వి, అందుకే గెలీలియో ఓడ అన్నాడు, మన బండి అనలేదు అన్నాడు.

* * *

ఎండాకాలం మిద్దె మీద పడకలు. సాయంత్రమే నీళ్ళు చల్లితే రాత్రికి మన్ను చల్లబడేది. జేజి చుక్కలు చూపించేది. ముసలమ్మ మంచం, దాన్ని ఎత్తుకుపోయే ముగ్గురు దొంగలు. చలికాలంలో పిల్లలకోడి, అంటే కృత్తికలు. కరెంటు ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు కాబట్టి పాలపుంత చక్కగా కనబడేది. ఇప్పుడు కర్నూలులో మేడ మీదికి పోతే పది చుక్కలు లెక్కపెట్టడమే గగనం.

పిల్లలకోడి వెలుతురు మన దాకా రావడానికి సుమారు 440 ఏళ్ళు పడుతుంది. నా చిన్నప్పుడు మిద్దె మీద నా కంట్లో పడిన ఆ వెలుతురు బయల్దేరినప్పుడు విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలుతున్నాడు, అక్కడెక్కడో కోపర్నికస్ పుస్తకాన్ని అచ్చుకు ఇవ్వాలా వద్దా అని నానుస్తున్నాడు. ఇది తర్వాత లెక్క వేసుకున్నాను. ఆ పాలపుంతే మొత్తం విశ్వమని 1920ల దాకా చాలామంది పెద్ద శాస్త్రజ్ఞులే అనుకున్నారు. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ ఆకాశంలో మసగ్గా కనబడే ఆండ్రోమెడాలో వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే ఒక నక్షత్రాన్ని పట్టుకుని, దాంతో దూరం లెక్కకట్టి, అది మన పాలపుంత బయటిదని తేల్చాడు. ఆ లెక్కకు దారి వేసింది హెన్రియెటా లీవిట్ అనే ఆమె. హార్వర్డు అబ్జర్వేటరీలో తక్కువ జీతానికి ఫొటో పలకలు చూసే పని ఆమెది, దుర్భిణితో ఆకాశం చూసే అవకాశం ఆడవాళ్ళకు ఇచ్చేవాళ్ళు కాదు. హబుల్ పేరు తెలిసినంతగా ఆమె పేరు తెలియకపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మా వీధికి మొదటి టీవీ వచ్చినప్పుడు కార్యక్రమాల కంటే చీమలు ఎక్కువ కనబడేవి. ఒకడు మిద్దె ఎక్కి యాంటెన్నా తిప్పడం, ఒకడు కిటికీలోంచి "వచ్చింది, వచ్చింది, ఆపు, పాయె" అని అరవడం. ఆ తెర మీద గిజగిజలాడే చుక్కల్లో ఒక శాతం దాకా విశ్వం పుట్టిన తొలినాళ్ళ వేడి నుంచి మిగిలిన వెలుగేనని డిగ్రీలో చదివాను. 1960ల్లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరికి వాళ్ళ యాంటెన్నాలో ఒక గుయ్ మనే రొద వదలకుండా వినిపించింది. లోపల పావురాలు గూడు పెట్టాయని వాటి రెట్టంతా కడిగినా పోలేదు. ఆ రొదకు తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది. మేము అదే రొద వస్తుంటే టీవీ నెత్తిన రెండు చరుపులు చరిచేవాళ్ళం.

* * *

మా ఊరికి దగ్గర్లో బిల్లసర్గం గుహలు ఉన్నాయి. సారు ఒక ఆదివారం మమ్మల్ని నడిపించుకుని పోయాడు. కొండలో ఇంత ఎత్తున తెరుచుకున్న సున్నపురాతి గుహలు, లోపల గబ్బిలాల కంపు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఇక్కడ తవ్వించారు. ఇక్కడ తవ్వి చూడమని మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు చెప్పినవాడు థామస్ హక్స్‌లీ, డార్విన్ తరఫున ఊరూరా వాదించిన ఆ హక్స్‌లీయే. ఎక్కడి లండన్, ఎక్కడి బేతంచెర్ల! దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. దానికి లిడెకర్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టిన శాస్త్రీయ నామంలో కర్నూలు ఉంది, రైనోసెరస్ కర్నూలియెన్సిస్. మా చెనక్కాయ చేలల్లో ఖడ్గమృగాలు తిరిగాయంటే మేమెవరమూ నమ్మలేదు.

గుహ ముందర నీడన కూర్చుని సారు డార్విన్ గురించి చెప్పాడు. 1859లో జీవజాతుల పుట్టుక గురించి పుస్తకం, 1871లో మనిషి పుట్టుక గురించి ఇంకో పుస్తకం. ఇప్పుడున్న కోతి మనిషి కాలేదు, కోతికీ మనకూ వెనకెక్కడో ఒకే పూర్వీకులున్నారు అని. పిల్లలు నవ్వారు, ఒకరి వీపు ఒకరు గోక్కున్నారు. ఇంటికొచ్చి చెప్తే జేజి "ఆంజనేయస్వామి చుట్టమైతే మంచిదే కదరా" అంది. కోతి దగ్గర ఎవరికీ పేచీ రాలేదు.

పేచీ ఎక్కడ వచ్చిందంటే, సారు అక్కడితో ఆపలేదు. "కోతి సంగతి సరే, మనుషులందరూ ఒక్క జాతే, ఇక్కడున్న మీ అందరి మూలం ఒకటే" అని, తెచ్చిన ఉగ్గాని మొత్తం ఒకే పెద్ద పేపరు మీద కుమ్మరించి అందర్నీ చుట్టూ కూర్చోమన్నాడు. అప్పటిదాకా అరుస్తున్నవాళ్ళు ఒక్కసారి గమ్మునైపోయారు. ఎవడు ఎవడి పక్కన కూర్చోవాలో ఎవడికీ తెలియలేదు. ఇద్దరు తమకు ఆకలి లేదని పక్కకు పోయారు. వాళ్ళు పొద్దున్నుంచి ఆకలి ఆకలి అని సతాయించినవాళ్ళే. గనిలో నాయనతో పనిచేసే ఆయన కొడుకు ఒకడు పేపరు అంచున కూర్చుని, ఎవరైనా చెయ్యి పెట్టేదాకా తను పెట్టలేదు. వారం తిరక్కముందే ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన బడికి వచ్చి, సైన్సు చెప్పమంటే ఏంది సార్ మీరు చెప్పేది అని అడిగిపోయాడు. ఆ కాలంలో మా ఊరి టీ అంగడిలో కొందరికి గ్లాసు, కొందరికి చూరులో చెక్కిన కొబ్బరిచిప్ప.

మనసు లోతుల గురించి సిద్ధాంతాలు చేసిన ఫ్రాయిడ్ 1917లో ఒక వ్యాసం రాశాడు. కోపర్నికస్ మనిషిని విశ్వం నడుమ నుంచి తీసేశాడు, డార్విన్ జంతువుల్లో కలిపేశాడు, మూడోది తన సిద్ధాంతం, మనిషి తన మనసుకు కూడా యజమాని కాడని చెప్పింది, ఈ మూడూ మనిషి గర్వానికి తగిలిన దెబ్బలు అని. డిగ్రీ రోజుల్లో లైబ్రరీలో అది చదివి నాకు మొదట నచ్చింది, తర్వాత అనుమానం వచ్చింది. మా సీమలో తాను విశ్వానికి నడుమన ఉన్నానని ఎవరనుకున్నారు? విత్తనం వేసి మబ్బు కోసం మెడలు నొప్పి పుట్టేలా పైకి చూసేవాడికి, ఈ ఆకాశం నాకోసం లేదని ఏ కోపర్నికసూ చెప్పక్కర్లేదు. భూమి తిరిగితే తిరగనీ అన్నారు, బండలకు యాభై కోట్ల ఏళ్ళంటే నవ్వి ఊరుకున్నారు, కోతిని చుట్టమన్నా సరేనన్నారు. పక్కవాడు చుట్టమంటేనే బడి దాకా వచ్చారు.

* * *

సారు రిటైరై నంద్యాలలో ఉండేవాడు. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో తవ్వకాల సంగతి 2007లో పత్రికల్లో వచ్చాక ఫోన్ చేసి, పోదాం రా అన్నాడు. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద ఇంత దూరం వచ్చి మా జుర్రేరు లోయలో పేరుకుంది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం ఆ బూడిద పొర కింద రాతి పనిముట్లు చూసింది, పైన కూడా అదే తీరు పనిముట్లు చూసింది. అంత ఉపద్రవం తర్వాత కూడా ఇక్కడ మనుషులు మిగిలారని వాళ్ళ వాదన. వాళ్ళు మనలాంటి మనుషులా, అంతకు ముందరి వాళ్ళా అన్న దాని మీద తగువు ఇంకా నడుస్తూనే ఉంది. ఊళ్ళోవాళ్ళకు ఆ బూడిద కొత్త కాదు, పాత్రలు తోమే పొడి కోసం తవ్వి అమ్మిన బూడిదే.

బనగానపల్లె నుంచి ఆటో మాట్లాడుకున్నాం. సారుకు మోకాళ్ళ నొప్పులు, అయినా గట్టు దిగి ఆ తెల్లటి పొర దగ్గర కూర్చుని, చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, గాజుపొడి అన్నాడు. వచ్చేటప్పుడు ముందు సీట్లో ఎక్కాడు. ఆటో అబ్బాయి, "ఇంత దూరం బూడిద చూసేకి వచ్చినారా సార్?" అన్నాడు. ఇంకేముంది, పాఠం మొదలైంది. అంతా విని ఆ అబ్బాయి, "అంటే అంత జరిగినా మనోళ్ళు ఊరు ఇడిసి పోలేదన్నమాట. ఇప్పుడేమో రెండేండ్లు వాన లేకుంటే గుంటూరుకు మూటలు కడతాండాం" అన్నాడు.

"మనోళ్ళో కాదో ఇంకా తేలలేదు నాయనా" అన్నాడు సారు.

"ఈ ఊర్లో ఉన్నోళ్ళు మనోళ్ళు కాకుంటే ఇంకెవరు సార్?"

సారు పుర్రె ఒక్కటన్నా దొరికితే గానీ చెప్పలేమన్నాడు. ఆ అబ్బాయి పుర్రె చూసి చుట్టరికం చెప్తారా ఎక్కడన్నా అన్నాడు. బనగానపల్లె బస్టాండు వచ్చింది, నంద్యాల బస్సు హారన్ కొడుతోంది, నేను డబ్బులిచ్చి పిలుస్తూనే ఉన్నాను, ఇద్దరూ దిగకుండా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ బస్సు పోయింది, ఇంకో బస్సుకు పోయాం.